నెగటివ్‌కు లెక్క నేర్పినవారు

ఫొటో తీసే విద్య పుట్టిన చాలా ఏళ్ళ వరకు నెగటివ్ కడగడం హస్తవాసి మీద ఆధారపడిన పని. చీకటిగదిలో ఎర్రదీపం వెలుగున గాజుపలకను చూస్తూ, ఇక చాలనిపించినప్పుడు డెవలపర్‌లోంచి తీసేసేవారు.

దీనికి లెక్క కట్టినవారు ఇద్దరు. ఇంగ్లండులో విడ్నెస్ అనే ఊరి రసాయనాల ఫ్యాక్టరీలో డ్రిఫీల్డ్ ఇంజనీరు, స్విట్జర్లాండు నుంచి వచ్చిన హర్టర్ కెమిస్టు. ఫొటోగ్రఫీ వారికి వృత్తి కాదు, తీరికవేళల వ్యాపకం. ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, పలక మీద పడిన వెలుగుకూ ఏర్పడిన నలుపుకూ ఉన్న సంబంధాన్ని 1890లో గీత గీసి చూపించారు.

నేను చదివింది కామర్స్. నాకది బ్యాంకు లెక్కలాగే కనిపిస్తుంది. కెమెరాలో పడిన వెలుగు అసలు; డెవలపర్‌లో ఉంచిన కాలం గడువు. అసలు లేని నీడలకు గడువెంత పెంచినా వడ్డీ రాదు. అసలు సరిగా ఉన్నా, గడువుకు ముందే తీసేస్తే తెల్లచీర, నల్లకోటు రెండూ బూడిదరంగులోకి దిగుతాయి.

ఎరుపును కూడా గ్రహించే పాంక్రొమాటిక్ పలకలు 1906లో బజారుకొచ్చాక ఎర్రదీపం పనికిరాలేదు. గడియారం, థర్మామీటరే దిక్కయ్యాయి. 1920లలో కోడక్ వారి డి-76 వచ్చింది. లీటరు ద్రావణంలో మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ఇళ్ళలో కడుక్కునేవారికి ఇది పెద్ద అండ.

ఉదకమండలంలో 1960లో ఏర్పడిన హిందుస్తాన్ ఫొటో ఫిలిమ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ ‘ఇందు’ ఫిలిములనే కోయంబత్తూరులో మావంటివాళ్ళం ఇంట్లో కడిగాం. పుస్తకాల్లోని కాలం సాధారణంగా 20 డిగ్రీలకు చెప్పింది. మన కుళాయినీరు అంతకన్నా వెచ్చన. ఐసుగడ్డలతో చల్లార్చేటప్పుడు హద్దు దాటకూడదు. 13 డిగ్రీల లోపు హైడ్రోక్వినోన్ దాదాపు పనిచేయదు. లీటరు డి-76లో నాలుగు రోళ్ళు కడిగాక ఐదోది వేస్తే అదీ పలచబడుతుంది.

లోపం ఎక్కడ జరిగిందో ఫిలిం అంచే చెబుతుంది. కంపెనీవారు అంచున ముద్రించిన అంకెలు కూడా వెలిసినట్టుంటే కడగడం చాలలేదు. అంకెలు నల్లగా ఉండి బొమ్మ పలచగా ఉంటే కెమెరాలో వెలుగు చాలలేదు.

తరాల క్రితం ఇటు వలసవచ్చిన మన కుటుంబాల్లో తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాని పెద్దలెందరో. వారు రాసిన కాగితం దొరకదు. వారి జాడ మిగిలేది ఆ నెగటివ్‌లోనే. అందుకే పాతపెట్టెలో పలచని నెగటివ్ కనబడితే పారేయకండి. అంచు చూడండి. అంకెలు కూడా వెలిసి ఉంటే నిరాశ పడనక్కరలేదు. హార్డ్ గ్రేడు కాగితం మీదో, స్కానర్‌లోనో ఆ ముఖాన్ని కొంతవరకైనా నిలబెట్టుకోవచ్చు.