మోటరు దగ్గర మొదలయ్యే లెక్క

త్రీఫేజు వచ్చిందంటే గూడూరు పొలాల్లో ఆటో స్టార్టర్లు పెట్టిన మోటర్లన్నీ ఒక్కసారే అందుకుంటాయి. వోల్టేజీ పడుతుంది. పడేకొద్దీ అవే నీళ్లు తోడటానికి మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది. లాగేకొద్దీ లైన్లో వోల్టేజీ ఇంకా పడుతుంది. కరెంటెంతో తేలాలంటే వోల్టేజీ తెలియాలి, వోల్టేజీ తేలాలంటే కరెంటు తెలియాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ ముడిని విప్పడానికే లోడ్ ఫ్లో లెక్క పుట్టింది.

ఒక్క లైనుకైతే కాగితం, కలం చాలు. సబ్‌స్టేషన్లు వలలా అల్లుకుంటే చాలవు. కాలువ నీళ్లయితే తూము మూసి మళ్లిస్తాం. గ్రిడ్డులో కరెంటు ఉన్న దారులన్నిటా తనంతట తానే పంచుకుని పోతుంది. అందుకే 1929లో అమెరికాలో ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి నెట్‌వర్క్ ఎనలైజర్ కట్టాయి. తీగచుట్టలు, కెపాసిటర్లతో బుల్లి గ్రిడ్డునే గదిలో నిలబెట్టి మీటర్లు చూసుకునేవారు.

1956లో వార్డ్, హేల్ ఈ పనిని కంప్యూటరుకు అప్పగించే దారి చూపారు: వోల్టేజీలు ఊహించు, తప్పెంతో చూడు, దిద్దు, మళ్లీ చూడు. గ్రిడ్డు పెరిగేకొద్దీ ఈ దిద్దుబాట్లూ పెరిగిపోయాయి. న్యూటన్ పద్ధతిలో నాలుగైదు దిద్దుబాట్లతో తేలిపోతుంది గానీ, అందుకు కావలసిన పెద్ద అంకెల పట్టిక ఆనాటి కంప్యూటరులో పట్టేది కాదు. ఇక్కడే బోన్‌విల్ పవర్ సంస్థలో పనిచేసిన విలియం టిన్నీ చూపు నాకు అద్భుతంగా తోస్తుంది. ఏ సబ్‌స్టేషనుకైనా పక్కనున్న రెండు మూడింటితోనే చుట్టరికం. పట్టికలో మిగతావన్నీ సున్నాలే. ఆ సున్నాలను నిల్వ చేయకుండా, వాటి స్థానంలో కొత్త అంకెలు వీలైనంత తక్కువగా పుట్టే వరసలో లెక్క నడిపాడు. హార్ట్‌తో కలిసి 1967లో రాసిన వ్యాసంతో న్యూటన్ పద్ధతి స్థిరపడింది. 1974లో స్టాట్, అల్సాచ్ దాన్ని మరింత వేగం చేశారు.

మన దక్షిణాది గ్రిడ్డు లెక్క మాత్రం చాలాకాలం విడిగానే ఉండేది. 2012 జులై చివర్లో ఉత్తరాది గ్రిడ్డు కుప్పకూలినా మన దీపాలు ఆరలేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్డుకు మిగతా దేశంతో డీసీ లంకెలే ఉండేవి. గాజువాక లంకె అందులో ఒకటి. వాటిలో పంపమన్నంతే పోతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కేవీ ఏసీ లైను కలిసింది. ఆదోనికి పొరుగునున్న రాయచూరు దగ్గర ఆ రోజుతో రెండు గ్రిడ్ల లెక్కలు ఒకే లెక్కయ్యాయి. 2017లో కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చి చేరింది. ఇప్పుడు ఆ పలకల మీదుగా మబ్బు వెళ్లినా లైన్లలో కరెంటు మారుతుంది, లెక్క మళ్లీ కట్టాల్సిందే.