కర్నల్ అనే మాట, కణేకల్లు అనే ఊరు

ఇంగ్లీషు మాటను తప్పుగా పలికి నవ్వులపాలు కావడం మన సీమ పిల్లలకు కొత్త కాదు. కణేకల్లు వంటి ఊళ్ళలో తెలుగు మాధ్యమంలో చదివి పట్నం చేరినవారికి పాఠం కన్నా ముందు ఎదురయ్యేది ఈ నవ్వే. రసీదును ‘రిసీప్ట్’ అన్నారనీ, అప్పును ‘డెబ్ట్’ అన్నారనీ నవ్వుతారు. రిసీట్, డెట్ అనడమే సరి, నేర్చుకోవలసిందే. అయితే ఆ తప్పుకు మూలమెక్కడో చూడటమూ అవసరమే.

‘డెట్’ ఫ్రెంచి నుండి ఇంగ్లీషుకు వచ్చినపుడు దాని వ్రాతలో బకారం లేదు. లాటిన్ ‘డెబిటుమ్’ను గుర్తుచేయాలని పండితులు తరువాత చేర్చారు, జనం నోరు ఒప్పుకోలేదు. రిసీట్‌లోని పకారమూ అటువంటిదే. ఐలండ్‌లోని సకారం మరీ విడ్డూరం. లాటిన్ ‘ఇన్సుల’తో ఆ మాటకు చుట్టరికమే లేదు, ఉన్నదని భ్రమపడి తగిలించారు. ప్లమర్ కథ వేరు. సీసానికి లాటిన్ పేరు ‘ప్లుంబుమ్’. సీసపు గొట్టాల పనివాడి పేరులో బకారం మొదటినుండీ ఉంది, పలుకులో రాలిపోయింది.

అన్నింటిలోకీ వింతైనది ‘కర్నల్’. ఇటాలియన్ ‘కొలొన్నెల్లో’ ఫ్రెంచిలో ‘కొరొనెల్’ అయింది. ఇంగ్లీషువారు లకారమున్న వ్రాతనూ, రేఫమున్న పలుకునూ రెండింటినీ నిలుపుకున్నారు. కైఫీయతులు సేకరింపజేసిన మెకంజీని మనం ‘కల్నల్’ అని వ్రాసుకోవడం ఆ వ్రాతను నమ్మినందువల్లనే. మన తప్పులలో చాలావరకు ఇటువంటివే. వ్రాసినట్లే పలికే లిపిలో అక్షరాభ్యాసం జరిగినవారు అక్షరాన్ని నమ్మకుండా ఎలా ఉంటారు?

ఇక రెండోవైపు చూడండి. 1800లో నిజాము ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. దొరల కాగితాలలో గుత్తి ‘గూటీ’, కడప ‘కడ్డపా’, బళ్ళారి ‘బెల్లారీ’ అయ్యాయి. ఎవరూ నవ్వలేదు, అవే అధికారిక నామాలయ్యాయి. కడప వ్రాతను 2005లోనూ, బళ్ళారి వ్రాతను 2014లోనూ గానీ సరిదిద్దుకోలేకపోయాము. కణేకల్లు ఉన్న రాయదుర్గం తాలూకా కూడా 1953 దాకా ఆ బళ్ళారి జిల్లాలోనిదే. ణకారానికి ఇంగ్లీషులో అక్షరమే లేదు. ఆ లిపిలో ఉన్న పేరును ఊరెరుగనివాడు ‘కేన్‌కల్’ అని చదివితే తప్పుపట్టలేము. ఏలినవారి తప్పు పటానికెక్కింది, ఏలబడినవారి తప్పు పరిహాసమైంది. తేడా భాషది కాదు, అధికారానిది.

‘ఇస్కూలు’ అంటే పల్లెటూరి మాట అంటారు. లాటిన్ ‘స్కోలా’కు ముందు అచ్చు చేర్చి స్పెయిన్‌వారు ‘ఎస్కుయేలా’ అన్నారు. అది వారి ప్రామాణిక భాష.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఇంగ్లీషు మాటను కంటితో కాక చెవితో నేర్చుకోండి. అనుమానం వస్తే నిఘంటువులో ఉచ్చారణ చూడండి. ఈలోగా ఒక మాట తప్పు పలుకుతామేమోనన్న భయంతో అడగవలసిన ప్రశ్నను మాత్రం మింగేయకండి.