డి, ఎల్: రెండక్షరాల చరిత్ర

పాత కారు ఇంజను విప్పి, కొత్త రింగులు, గాస్కెట్లు వేసి బిగించాక కూడా అది కుదురుగా నడవకపోతే, అందరూ మొదట బిగించిన చేతినే అనుమానిస్తారు. నేను మాత్రం ముందు చరిత్రను అడగమంటాను.

1958లో అమెరికాలో క్రైస్లర్ కొన్ని కార్లకు బెండిక్స్ వారి ఎలక్ట్రోజెక్టర్ అమర్చింది. అది మొరాయించడంతో చాలావాటికి తిరిగి కార్బ్యురేటర్లే బిగించారు. ఆ పేటెంట్ల ఆధారంగా జర్మనీలోని బాష్ సంస్థ 1967లో డి-జెట్రానిక్‌ను తెచ్చింది. ఫోక్స్‌వాగన్ 1600తో అది రోడ్డెక్కింది. డి అంటే జర్మను భాషలో 'డ్రుక్', అనగా పీడనం. ఇంజను పీల్చే గాలిని అది కొలవదు; మానిఫోల్డ్‌లోని పీడనాన్ని, ఇంజను వేగాన్ని బట్టి అంచనా కట్టి పెట్రోలు పోస్తుంది. 1973లో వచ్చిన ఎల్-జెట్రానిక్ దారి వేరు. ఎల్ అంటే 'లుఫ్ట్', గాలి. లోపలికి వెళ్ళే గాలి ఒక రేకు తలుపును నెడుతుంది; ఆ తలుపు తెరుచుకున్న మేరకే పెట్రోలు.

అందుకే ఒకే తప్పుకు రెండు ఫలితాలు. గాస్కెట్ సరిగా కూర్చోక దొంగగాలి దూరితే, డి పీడనం పెరిగిందని గ్రహించి పెట్రోలునూ పెంచుతుంది. ఐడిల్ వేగం హెచ్చుతుంది. ఎల్‌కు ఆ గాలి లెక్కలోకే రాదు. పెట్రోలు చాలక ఇంజను తడబడుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల పూర్తిగా దిగకపోయినా చాలు. డి విషయంలో, పీడనం చూసే సెన్సరు గొట్టం ఊడితే పెట్రోలు ఎక్కువై నల్లపొగ వస్తుంది.

ఈ తేడా తెలియక, గొట్టం ముక్కతో పోయే జబ్బుకు ఇంజెక్షన్ మొత్తం పీకి కార్బ్యురేటర్ తగిలించినవారున్నారు. 1958 నాటి కథే మళ్ళీ. పానా పట్టేముందు ఆ ఒక్క అక్షరం ఏమిటో చూడండి.