పన్నుకు పెద్దది, మాటకు చిన్నదా?

నేను స్థిరపడిన దక్షిణాఫ్రికా చరిత్రను మన కర్నూలు, కడప వాళ్లకు చెప్పాలంటే మండేలాతో కాక ఒక పన్నుతో మొదలుపెడతాను. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు లక్షా 52 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు వచ్చారు. ఎక్కువ మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లే. వాళ్లలో చిత్తూరు మొదలుకొని విశాఖ, గంజాం దాకా తెలుగువాళ్లూ ఉన్నారు. మన పెద్దలు తరాల పాటు చెప్పుకున్న ధాత కరువు లాంటివే అలాంటి కుటుంబాలను సముద్రం దాటించాయి. ఒప్పందం ముగిశాక తిరిగి వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయే కూలీ మీద నేటాల్ ప్రభుత్వం 1895 చట్టంతో ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేసింది. 1903లో ఆ పన్నును పిల్లలకూ వర్తింపజేసింది. మగపిల్లలకైతే 16 ఏళ్ల నుంచి, ఆడపిల్లలకైతే 13 ఏళ్ల నుంచే. మగకూలీ తొలి ఏడాది నెల జీతం 10 షిల్లింగులు, ఆడకూలీకి అందులో సగం. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, అంటే ఆడమనిషికి ఏడాది కష్టం. బరువు మోయించడానికి ఆడపిల్లను తమ్ముడికన్నా, అన్నకన్నా ముందే పెద్దదాన్ని చేసింది ఆ ప్రభుత్వం. నా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఏ వయసులో ఆడపిల్ల మీద భారం వేస్తారో, ఆ వయసులోనే ఆమెకు నోరు విప్పే హక్కు, ముందు నడిచే హక్కు ఉన్నట్టే.

ఇక్కడి ఆడపిల్లలు ఆ హక్కును ఎవరో ఇచ్చేదాకా ఆగలేదు. 1913 మార్చిలో కేప్ కోర్టు న్యాయమూర్తి సర్ల్ ఇచ్చిన తీర్పుతో, హిందూ, ముస్లిం పద్ధతుల్లో జరిగిన పెళ్లిళ్లకు ఈ దేశంలో చట్టపరమైన విలువ లేకుండా పోయింది. భార్య భార్య కాదు, పిల్లలు వారసులు కారు. ఆ ఏడాది అక్టోబరులో ట్రాన్స్‌వాల్ నుంచి పదకొండు మంది స్త్రీలు, కొందరు చంటిబిడ్డలతో, సరిహద్దు దాటి న్యూకాజిల్ బొగ్గు గనులకు వెళ్లి, 3 పౌండ్ల పన్ను పోయేదాకా పని మానమని కూలీలకు చెప్పారు. గనులు ఆగాయి, తర్వాత తోటలూ ఆగాయి. మహిళలకు మూడేసి నెలల కఠిన కారాగారం పడింది. తర్వాతి జట్లలో జొహానెస్‌బర్గ్‌లో పుట్టిన తమిళ బాలిక వళ్లియమ్మ కూడా జైలుకు వెళ్లింది. జైల్లో పట్టిన జ్వరం వదల్లేదు. విడుదలయ్యాక 1914 ఫిబ్రవరి 22న, పదహారేళ్ల వయసులో చనిపోయింది. అదే ఏడాది వచ్చిన చట్టం ఆ పన్నును రద్దు చేసి మన పెళ్లిళ్లను గుర్తించింది. దక్షిణాఫ్రికా సత్యాగ్రహం అనగానే మనకు గాంధీ ఒక్కడే గుర్తొస్తాడు. గనికూలీల ముందు నిలబడి మాట్లాడిన ఆ స్త్రీలను మన పాఠ్యపుస్తకాలూ గుర్తుంచుకోవాలి.

ఇది భారతీయుల కథ మాత్రమే కాదు. అదే 1913లో బ్లూమ్‌ఫాంటేన్‌లో నల్లజాతి స్త్రీలు, ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పత్రాలైన పాసులను మోయబోమని జైళ్లకు వెళ్లారు. 1956 ఆగస్టు 9న అదే పాసుల మీద ప్రిటోరియా ప్రభుత్వ భవనాల ముందుకు సుమారు 20 వేల మంది మహిళలు వచ్చి, అరగంట మౌనంగా నిలబడ్డారు. ముందు నడిచిన నలుగురిలో లిలియన్ ఎంగోయి, హెలెన్ జోసెఫ్, రహీమా మూసాతో పాటు బట్టలమిల్లు కార్మికురాలు సోఫియా విలియమ్స్ ఉంది. ఆమెకు అప్పుడు 18 ఏళ్లు. 2016లో ప్రిటోరియాలోని ఒక బాలికల పాఠశాలలో నల్లపిల్లల జుట్టు సహజంగా ఉండటాన్నే తప్పుపట్టే నిబంధనకు జులైకా పటేల్ ఎదురు తిరిగింది. తోటి పిల్లలు ఆమె వెంట నిలిచారు, రాష్ట్ర విద్యాశాఖ ఆ నిబంధనను ఆపేసింది. ఆమె వయసు 13. ఆ వయసు పిల్ల దగ్గరే ఒకప్పుడు ఇక్కడ పన్ను వసూలు చేశారు.

నా వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఇంత చేసి ఏం సాధించారని. 1956 తర్వాత కూడా పాసులు ఆగలేదు, 1986 దాకా ఆ చట్టాలు బతికాయి. స్వేచ్ఛ వచ్చాక కూడా ఇక్కడ ఆడవాళ్ల మీద హింస ఆగలేదు, వాళ్ల హత్యలు ప్రపంచ సగటుకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది నిజం, దాచకూడదు. అయితే 1994లో తొలి ప్రజాస్వామ్య పార్లమెంటులో 400 స్థానాల్లో నాలుగో వంతుకు పైగా స్త్రీలు గెలిచారు. 1996 రాజ్యాంగం లింగభేదంతో పాటు గర్భం, పెళ్లి కారణంగా వివక్ష చూపడాన్నీ నిషేధించింది. 1998లో ఆచార వివాహాల్లోనూ భార్యకు సమాన హోదా, ఇద్దరికీ 18 ఏళ్లు, ఇద్దరి సమ్మతి అని చట్టం చేశారు. ఇవి పైనుంచి దయతో వచ్చినవని నేను నమ్మను. దశాబ్దాలుగా ముందువరసలో నిలబడ్డవాళ్లు రాజ్యాంగం రాసేటప్పుడు గది బయట ఉండటానికి ఒప్పుకోలేదు. హింసను చట్టం ఒక్కటే ఆపలేదన్నది ఇంకా పోరాడాలనడానికి రుజువు, పోరాడటం దండగనడానికి కాదు. రెండోది, పిల్లలు చదువుకోవాలి గానీ నాయకత్వమెందుకని. ఆ మాట నిజంగా చదువు కోసమే అయితే నేనూ ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర అది చదువు కోసం వాడే మాటేనా?

కర్నూలు జిల్లాలో పత్తి సీడు చేలలో పూలను చేత్తో క్రాసింగ్ చేసే పనికి వేళ్లు సన్నగా ఉంటాయని ఆడపిల్లల్ని దించిన ఊళ్లు ఎన్ని! ఆదోని, కోసిగి వైపు నుంచి తల్లిదండ్రులు సుగ్గికి వలస పోతే చంటిపిల్లల్ని చూసుకోవడానికి బడి మానేది ఆడపిల్లే. పెళ్లికి ఆమె పెద్దది, కూలికి పెద్దది, నీళ్లబిందెకు పెద్దది. గ్రామసభలో మాట్లాడితే మాత్రం 'చిన్నపిల్లకేం తెలుసు' అంటాం. ఆదోని మండలంలో బాల్యవివాహం తప్పించుకుని కస్తూర్బా విద్యాలయంలో చేరిన ఒక అమ్మాయి 2024 ఇంటర్ మొదటి ఏడాదిలో 440కి 421 మార్కులు తెచ్చుకుంది. తన పెళ్లి తనే ఆపించుకోగలిగిన పిల్లకు, పక్కింటి పిల్ల పెళ్లి ఆపించే తెలివి ఉండదా? పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లకు చట్టమిచ్చింది. సంతకం ఆమెది, పెత్తనం భర్తది అన్న ఊళ్లు మారాలంటే, పద్నాలుగేళ్ల నుంచే నలుగురిలో మాట్లాడటం అలవాటైన ఆడపిల్లలు ఆ కుర్చీల దాకా రావాలి. సర్పంచులకు, ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఇది: రాబోయే గ్రామసభకు మీ ఊరి ఉన్నతపాఠశాల ఆడపిల్లల్ని పిలవండి, ఎవరు బడి మానేశారో, ఎందుకు మానేశారో వాళ్లనే చెప్పనివ్వండి, చెప్పింది తీర్మానంలో రాయండి.