చారుని యోగ్యతయు చిహ్నమును

కురుగోడు బళ్లారికి వాయవ్యమున, హంపీ శిథిలములకు తూర్పున నున్న ప్రాచీన దుర్గస్థలము. క్రీ.శ. 12వ శతాబ్దమున ఇది సిందవంశీయులకు రాజధానిగా నుండెను. ఉత్తరమున తుంగభద్ర దాటినచో రాయచూరు అంతర్వేది. ఆ నేలకొరకు విజయనగర రాజులకును, బహమనీ సుల్తానులకును, పిదప బిజాపూరు వారికిని తరతరములు పోరు జరిగినది. ఇట్టి సీమలో పరపక్షపు వార్త ముందుగా తెలియుట ఒక సేనాబలముతో సమానము. కావున వేగువారిని గూర్చిన చర్చ మనకు పరాయిది కాదు.

నేటి సైన్యములలో విమానచోదకునకును, పారాచూట్ భటునకును శిక్షణ ముగిసినపిమ్మట రెక్కల చిహ్నము నిచ్చుట ఆచారము. అట్లే సైనిక గూఢచారశాఖాధికారులకును వృత్తియోగ్యతా చిహ్నము నీయవలెనా యను ప్రశ్న పుట్టును. ఇచట దళచిహ్నము వేరు, యోగ్యతాచిహ్నము వేరు. 1940లో ఏర్పడిన బ్రిటిషు ఇంటెలిజెన్స్ కోర్‌కు గులాబి పువ్వు, దానిచుట్టు లారెల్ ఆకుల దండ చిహ్నమైనవి. అది ధరించినవాడు ఏ దళమువాడో తెలుపును. ఏమి నేర్చినవాడో తెలుపదు.

యోగ్యతకు గుర్తు నొసగుట మన పూర్వు లెరుగని పని కాదు. వీరులకును, పండితులకును కాలికి గండపెండేరము తొడుగుట ప్రసిద్ధము. శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనకు దానిని స్వయముగా తొడిగెనని సంప్రదాయము చెప్పుచున్నది. అయినను ఆ రాయలే ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున, యామునాచార్యుడు కుమారునకు రాజనీతి బోధించు సందర్భమున, చారుని లక్షణములు చెప్పుచు వానికి బహుభాషాజ్ఞానము ఉండవలెననియు, తక్కిన చారులతో పరిచయము ఉండరాదనియు, గుర్తింపదగిన చిహ్న మేదియు ఉండరాదనియు సూచించినాడు. కవికి చిహ్నము గౌరవము. చారునకు అదియే ప్రాణాపాయము.

అట్లయిన చిహ్నము వలదని తీర్మానింపవచ్చునా? కౌటిల్యుని చూచినచో ఈ చిక్కు విడిపోవును. చారులు ఒకరినొకరు ఎరుగరాదనియు, వార్త సంజ్ఞాలిపిలో నడువవలెననియు, ముగ్గురి మాట ఏకమైనప్పుడే నమ్మవలెననియు అర్థశాస్త్రము విధించుచున్నది. ఆ మూడు మాటలను సరిపోల్చి నిజము తేల్చువాడు వేరొక డుండవలెను గదా! అతడు మారువేషమున తిరుగువాడు కాడు. నేటి సైనిక గూఢచారశాఖాధికారి పని యందు అధికభాగ మిట్టిదే: పటములు పరిశీలించుట, బందీలను ప్రశ్నించుట, వార్తల సత్యాసత్యములు నిర్ణయించుట. అతనికి చిహ్నము తగును. వార్త తెచ్చువానికి తగదు.

ఇక ఆ చిహ్నము దేనికి గుర్తు కావలెను? దీనికి మన సీమలోనే ఒక నిదర్శనము కలదు. థామస్ మన్రో 1788లో కెప్టెన్ రీడ్ క్రింద కంపెనీ సైన్యపు గూఢచారశాఖలో సహాయకుడుగా నియమింపబడి, గుంటూరును స్వాధీనపరచుకొనుటకు ఏర్పడిన సేనతో పనిచేసెను. హిందూస్తానీ, పారసీ భాషలు అతడు శ్రమించి నేర్చినవాడు. 1800 మొదలు 1807 వరకు బళ్లారితో కూడిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నున్నప్పుడు గ్రామగ్రామమున భూముల కొలత జరిపించి, రైతుల స్థితి విచారించినాడు. 1827లో పత్తికొండలో మరణించెను. అతని పాలన పరుల లాభమునకే యనుట నిజము. అయినను భాషయు, స్థలపరిచయమును లేక ఎవనికిని నిజము చిక్కదను పాఠము అతని జీవితమున స్పష్టము.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరగా, బళ్లారి, కురుగోడు ప్రాంతములు మైసూరు రాష్ట్రమున నిలిచినవి. ఇచట తెలుగు బోధించు నాకు, ఇంట ఒక భాషయు, వీధిలో ఒక భాషయు పలుకు బాలురు నిత్యము కనబడుదురు. రెండు నుడులు తెలిసిన ఆ నేర్పును వారు లోపముగా తలచి సిగ్గుపడుట చూచి బాధ కలుగును. రాయలు చారునకు కోరిన యోగ్యతలలో ఒకటి వీరికి ఉగ్గుపాలతోనే అబ్బినది. ఏ రాజ్యమైనను గూఢచారశాఖకు యోగ్యతాచిహ్నము నేర్పరచినచో, దానికి ముందు సరిహద్దు భాషలలో గట్టి పరీక్ష పెట్టవలెను. పరీక్ష లేని చిహ్నము వట్టి లోహపు ముక్క.