పారామీటర్ సెట్ సందిగ్ధత (పవర్‌షెల్)
పారామీటర్ సెట్ సందిగ్ధత అనేది మైక్రోసాఫ్ట్ పవర్‌షెల్‌లో, ఫంక్షన్‌కు ఇచ్చిన పారామీటర్లు ఒకటికి మించిన పారామీటర్ సెట్లకు (కలిపి వాడదగిన పారామీటర్ల సమూహాలకు) సరిపోయి, ఏ సెట్ వర్తిస్తుందో తేలనప్పుడు వచ్చే దోషం. 2006లో వెలువడిన పవర్‌షెల్‌లో కంపైల్ చేసిన కమాండ్‌లెట్లకే ఉన్న ఈ సెట్ల సదుపాయం, 2009 నాటి రెండో వెర్షన్‌తో స్క్రిప్టు ఫంక్షన్లకూ వచ్చింది. గరిష్ఠ పరిమితి 32 సెట్లు.

సెట్ పేరు రాయని పారామీటర్ అన్ని సెట్లకూ చెందుతుంది. చిక్కు తరచు ఇక్కడే మొదలవుతుంది. నివారణకు ప్రతి సెట్‌లోనూ మరెక్కడా లేని పారామీటర్ కనీసం ఒకటి ఉండాలి, అది తప్పనిసరిదైతే మరీ మేలు. అలాంటి ఆనవాలు అందని సందర్భంలో ఫంక్షన్‌కు రాసే కమాండ్‌లెట్‌బైండింగ్ అట్రిబ్యూట్‌లో ప్రకటించిన డిఫాల్ట్ సెట్‌ను పవర్‌షెల్ ఎంచుకుంటుంది. ఇచ్చిన పారామీటర్లకు ఆ డిఫాల్ట్ సెట్ పొసగకపోతే దోషం తొలగదు. ఒకే పారామీటర్ రెండు సెట్లలో ఉండాలంటే దాని పారామీటర్ అట్రిబ్యూట్‌ను రెండుసార్లు, వేర్వేరు సెట్ పేర్లతో రాయాలి.