సర్పి
నడుము చుట్టునో పెదవి యంచుననో గుంపుగా లేచి మంటతో ప్రాకెడు నీటిపొక్కులకు మన పెద్దలు ‘సర్పి’ యని పేరిడిరి. ప్రాకుట యను నర్థముగల సంస్కృత ‘సృప్’ ధాతువునకును, ‘హెర్పీస్’ పదమునకు మూలమైన ‘హెర్పెయిన్’ అను గ్రీకు క్రియకును జ్ఞాతిత్వము కలదని భాషాశాస్త్రజ్ఞు లందురు. సర్పమను మాటయు నా కుటుంబములోనిదే. పేరొక్కటైనను వ్యాధులు రెండు: నడుమును చుట్టునది యొకప్పటి ఆటలమ్మ వైరస్ పునరాగమనము, పెదవిని గాని జననాంగమును గాని పట్టునది హెర్పీస్ సింప్లెక్స్. రెండును నాడీమూలములందు నిద్రించి మరల మేల్కొనును. నడుము చుట్టిన పొక్కుల వరుసకు తల తోకను కలిసినచో ప్రాణము పోవునను భయము మాత్రము వట్టిది. రెంటిలో నేదో తేల్చుటకు, పొక్కు పచ్చిగా నున్నప్పుడే అందలి రసమును దూదిపుల్ల కద్ది పీసీఆర్ పరీక్షకు పంపవలెను. ఏసైక్లోవిర్ అను మందు వైరస్‌ను నిర్మూలింపజాలదు గాని, నడుము సర్పికి 72 గంటలలోపల మొదలిడినచో బాధ తగ్గును. కంటి దాపున లేచినచో నా పాటి జాప్యమును కూడదు.